ఇంట కనబడు పిల్లపురుగులు - వానిని గుర్తించుట



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల గ్రామములలో వానకాలము ప్రవేశించినది మొదలు ఇంటింటను ఒక చిన్న కలవరము పుట్టుచుండును. బియ్యపు డబ్బా మూత తీయగనే సన్నని పురుగు కనబడును. పెట్టె మూలను రోమములు గల పురుగు ప్రాకును. గోడ వెంబడి ఎర్రని చిన్న పెంకుపురుగులు బారులు తీరును. ఇల్లాలు భయపడును. అత్తగారు కోడలి శుభ్రతను శంకించును. ఇంటి యజమాని అంగడికి పోయి ఏదో యొక మందు తెచ్చును. నేటి నా ప్రసంగమునకు విషయము ఇదియే. ఇంటిలో కనబడు పెంకుపురుగుల పిల్లలు ఎట్టివి, వానిని గుర్తించు విధమెట్టిది, భయపడవలసినది దేనికి, భయపడ నక్కరలేనిది దేనికి అను సంగతులను క్రమముగ మనవి చేసెదను. ఒక్క మాటను మాత్రము ముందుగనే చెప్పుచున్నాను. మన యింట కనబడు ఈ పిల్లపురుగులలో చాలవరకు మనుష్యుని కరవవు, కుట్టవు, రోగము నంటింపవు. వానిని చంపుటకై మనము తెచ్చు విషమో, ప్రాణములు తీయగలదు. కావున గుర్తించుట ముందు, మందు తరువాత.

ఈ కలవరము మన ప్రాంతమున అధికముగ నుండుటకు కారణము మన సంపదయే. 1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరు కాలువలకు నీరు విడువబడెను. ఎడమ కాలువ, అనగా లాల్‌బహదూరు కాలువ, మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ భూములను తడిపినది. సూర్యాపేట చెంత సోలిపేట కడ మూసీనదిపై కట్టిన ఆనకట్ట మరికొన్ని భూములకు నీరిచ్చినది. జొన్నయు ఆముదమును పండిన చెలకలలో వరి పండెను. ఏటికి రెండు పంటలు వచ్చెను. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు దూరదేశముల వరకు పేరు వచ్చెను. మిల్లుల వెంట గోదాములు లేచినవి. ధాన్యమున్న చోట ధాన్యమును తిను జీవియు నుండుట ప్రకృతిధర్మము. గోదాములో పుట్టిన పెంకుపురుగు సాయంకాలపు ఉక్కలో రెక్కలు విప్పి, చెంతనున్న యిండ్లకు ఎగిరి వచ్చును. మిల్లు నుండి వచ్చిన సంచితోడను, అంగడి నుండి వచ్చిన రవ్వ పొట్లముతోడను గూడ వచ్చును.

మరియొక సంగతి. 2025వ సంవత్సరము జూన్ మాసమున మన రాష్ట్రమునందు మూడు నెలల చౌకధర బియ్యము ఒక్క పర్యాయముననే పంచిపెట్టబడెను. మనిషికి నెలకు 6 కిలోల చొప్పున 18 కిలోలు. నలుగురు గల కుటుంబమునకు 72 కిలోలు. అంత బియ్యము వానకాలమంతయు ఇంటిలో నిలువ యుండెను. ఉక్కపోతలో ఈ పురుగులలో అనేకము ఇంచుమించు నెల దినములలోనే గ్రుడ్డు నుండి పెద్దపురుగై మరల గ్రుడ్లు పెట్టును. మూడు నెలలలో మూడు తరములు. ఇందు కోడలి తప్పేమున్నది? పురుగు పుట్టిన యిల్లు అపరిశుభ్రమైన యిల్లని యెంచుట న్యాయము గాదు. నిలువ యున్న గింజయు, తేమగల గాలియు, కాలమును కలిసిన చోట పురుగు కనబడుట సహజము.

పురుగు ఎక్కడ నుండి వచ్చినదను ప్రశ్న పాతది. మన పూర్వులు ప్రాణులను జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని నాలుగు తెరగులుగ విభజించిరి. చెమటయందును ఉక్కయందును పుట్టునవి స్వేదజములనిరి. చిన్న పురుగులను ఈ తరగతిలో చేర్చిరి. ఈ యభిప్రాయము మన దేశమునకే పరిమితము గాదు. పాశ్చాత్యులును మాంసము కుళ్ళిన పురుగు దానియంత పుట్టునని తలంచిరి. ఇటలీ దేశమునందు ఫ్రాంచెస్కో రెడీ అను వైద్యుడు 1668లో ఒక పరీక్ష ప్రకటించెను. అతడు కొన్ని పాత్రలలో మాంసముంచి మూతలు లేక విడిచెను. కొన్నింటి మూతికి పలుచని గుడ్డ కట్టెను. ఈగ వ్రాలగలిగిన పాత్రలలో పురుగు పడెను. గుడ్డ కట్టిన పాత్రలలో మాంసమునకు పురుగు పట్టలేదు. ఈగ పెట్టిన గ్రుడ్డే పురుగునకు మూలమని దీనివలన తేలెను. మన బియ్యపు డబ్బాలోనిదియు ఇట్లే. తేమ పురుగును పెంచునే గాని పుట్టింపదు. తల్లి వచ్చి గ్రుడ్డు పెట్టిననే పిల్ల పుట్టును. ఈ యొక్క సత్యము తెలిసిన, తల్లిని రానీయకుండుటయు, గ్రుడ్డును నిలువనీయకుండుటయు ఉపాయమని తానే తోచును.

పెంకుపురుగు జన్మమున నాలుగు దశలు గలవు: గ్రుడ్డు, పిల్లపురుగు, కోశము, పెద్దపురుగు. పిల్లపురుగును శాస్త్రజ్ఞులు డింభకమందురు. గొంగళిపురుగునకును సీతాకోకచిలుకకును పోలిక లేనట్లే ఈ పిల్లకును తల్లికిని పోలిక లేదు. అందుచేతనే ఒక పురుగునే మనము రెండు పురుగులని తలంచుచుందుము. పెద్దపురుగు ముందరి రెక్కలు గట్టిపడి వీపుపై పెంకులవలె మూయుటచే దానికి పెంకుపురుగని పేరు. లోకమున శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన పెంకుపురుగుల జాతులు ఇంచుమించు నాలుగు లక్షలు. పేరు పెట్టబడిన సమస్త జంతుజాతులలో ఇవి నాలుగవ వంతు. ఇన్నింటిలో మన యిండ్లలో కాపురముండునవి వ్రేళ్ళపై లెక్కింపదగినవే.

ఇక గుర్తించు విధము. పురుగును చేతితో నలుపవలదు. పుల్లతో నెత్తి తెల్లని పళ్ళెములోనో, తెల్ల కాగితము మీదనో ఉంచి, వెలుతురున చూడవలయును. చత్వారపు కన్నులకు భూతద్దము సాయము. నాలుగు ప్రశ్నలు వేసికొనవలయును. కాళ్ళు ఎన్ని? రోమములు గలవా? ఎచ్చట దొరికెను? దాని చుట్టు ఏమి విడిచినది, పిండియా, గూడా, కుబుసమా?

కాళ్ళతో ప్రారంభింతము. కాళ్ళును లేక, స్పష్టమైన తలయు లేక, ఒక కొన మొనదేలి యుండు తెల్లని మెత్తని పురుగు ఈగపిల్ల. ఇది కనబడిన చచ్చిన ఎలుకయో, కుళ్ళిన పదార్థమో చెంతనే యున్నదని యెరిగి దానిని వెదకి తీసివేయవలయును. రొమ్మున మూడు జతల కాళ్ళును, అంతే గాక పొట్ట క్రింద కండతిత్తుల వంటి పొట్టికాళ్ళును ఉన్నచో అది సీతాకోకచిలుకల వంశమునకు చేరినది. బియ్యపుగింజలను పట్టుపోగుతో నల్లి ఉండలు కట్టు పురుగు ఇదియే. సాయంకాలము డబ్బా చుట్టు తిరుగు బూడిదరంగు చిన్న రెక్కలపురుగు దాని తల్లి. రొమ్మున మూడు జతల కాళ్ళు మాత్రమే యుండి, పొట్ట క్రింద నేమియు లేక, గోధుమరంగు గట్టితల గలది పెంకుపురుగు పిల్ల. ఈ సూత్రమునకు లోబడని పిల్లలును గలవు. వానిని ఆ చోట చెప్పెదను.

మన ప్రాంతమున మొదట చెప్పవలసినది లక్కపురుగు. గోదాముల చెంత గ్రామములవారు దీని పేరు చెప్పిననే విసుగుదురు. లక్కనిచ్చు పురుగునకును దీనికిని సంబంధము లేదు. పెద్దది ఎర్ర గోధుమ వన్నె గలిగి మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుండును. పిల్ల లేత పసుపు వన్నెతో, సన్నగ, ఇంచుమించు బియ్యపుగింజ పొడవున ఉండును. దాని తోక చివర రెండు చిన్న ముండ్లు కనబడును. అదియే గుర్తు. ఆ ముండ్లను చూచి తేలు కొండివలె కుట్టునేమోయని కొందరు భయపడుదురు. అవి కుట్టునవి గావు. వానిలో విషము లేదు. ఈ పిల్ల పిండిని, రవ్వను, తవుడును, నూకలను తినును. గట్టి నిండు గింజను కొరుకజాలదు. అందుచే నూక అధికమైన బియ్యమున ఇది త్వరగ పెరుగును. పెద్దపురుగులు అధికమైనచో పిండికి ఒక ఘాటైన వాసనయు, లేత ఎరుపు జీరయు వచ్చును. అట్టి పిండిని జల్లించి వాడుకొనుట తగదు, పారవేయవలయును. ఈ యల్పజీవి శాస్త్రజ్ఞులకు మిక్కిలి ప్రియమైనది. 2008లో దీని జన్యుపటమంతయు ప్రకటింపబడెను. పెంకుపురుగులలో ఆ గౌరవము మొదట దీనికే లభించినది.

రెండవది ముక్కుపురుగు. పెద్దదానికి ఏనుగు తొండము వంటి ముక్కును, వీపుపై నాలుగు ఎర్రని మచ్చలును గలవు. తల్లి గింజకు చిన్న రంధ్రము తొలిచి, అందొక గ్రుడ్డుంచి, తన జిగటతో మూసివేయును. పిల్లకు కాళ్ళు లేవు, తల గలదు. అది గింజలోనే పుట్టి, గింజలోనే పెరుగును. కావున దానిని మీరు పళ్ళెములో చూడరు. నీటిలో తేలిన గింజను చీల్చిన, తెల్లని కూనురు పురుగు ముడుచుకొని యుండును. పప్పుధాన్యములలోని పుచ్చుపురుగు కథయు ఇట్టిదే. పెసలపై, అలసందలపై, కందులపై అంటుకొనియున్న తెల్లని చుక్కలు దాని గ్రుడ్లు. గింజలోని గుండ్రని రంధ్రము అది బయలువెడలిన వాకిలి. ఈ రెండును మనుష్యుని ముట్టవు. తెలియక అన్నములో నొకటి రెండు ఉడికినను విషము గాదు. ఏవగింపు కలుగుట వేరు, అపాయము కలుగుట వేరు.

మూడవ తెగ రోమములు గల పిల్లలు. ఇవియే ఇల్లాండ్రను మిక్కిలి భయపెట్టునవి. గొంగళిపురుగు ఇంటిలో ప్రవేశించెననుకొందురు. ఇవి గొంగళికంటె మిక్కిలి చిన్నవి. అయిదారు మిల్లీమీటర్లకు మించవు. ఇందు రెండు జాతులను వేరుచేయవలయును. దొరికిన చోటే వానిని తెలుపును. గొంగడి మడతలలో, పట్టుచీరల పెట్టెలో, పిచ్చుకగూటి క్రింద, దీపము క్రింద చచ్చిపడిన పురుగుల ప్రోగులో దొరికినది ఉన్నిపురుగు పిల్ల. దాని వీపున గోధుమరంగు చారలుండును. అది విడిచిన కుబుసములు పొట్టువలె రాలియుండును. దాని తల్లి పూలపై పుప్పొడి తిని జీవించును; కిటికీ గుండ వచ్చి ఉన్నిపై గ్రుడ్లు పెట్టును. అది మనుష్యుని కరవదు. గొంగడి దులిపి ఎండవేసి, పెట్టె మూలలు తుడిచి, గూటి చెత్త తీసివేసిన చాలును.

ధాన్యపు గాదెలో, గోనెసంచుల కుట్లలో దొరికిన రోమముల పిల్ల ఖాప్రా అనునది. ఇది మన దేశపు ప్రాంతములలోనే పుట్టి లోకమంత వ్యాపించినదని పెక్కురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 1953లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు ధాన్యపు కొట్లలో ఇది బయటపడగా, దానిని నిర్మూలించుటకు అచ్చటివారు ఎన్నో యేండ్లు శ్రమపడిరి. నేటికిని అనేక దేశముల రేవులలో మన బియ్యపు సంచులను దీనికొరకై పరీక్షింతురు. దీని పిల్ల గోడ పగుళ్ళలో దూరి ఆహారము లేకయే నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి పడియుండగలదు. మనుష్యుని శరీరమునకు దీనివలన గలుగు బాధ స్వల్పము. దీని రోమములు, ఉన్నిపురుగు రోమములును, కొందరి చర్మమునకు దురద పుట్టించును. ఉబ్బసము గలవారికి ఆ దుమ్ము సరిపడదు. చెరుగునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మంచిది. ధాన్యమునకు మాత్రము ఇది గొప్ప శత్రువు.

కొట్టములోని పేడకుప్ప త్రవ్వునపుడు, వానకాలమున పేడకుప్ప ప్రక్క గోడ మొదట, బొటనవ్రేలంత లావుగ, తెల్లగ, అర్ధచంద్రాకారముగ ముడుచుకొనిన పిల్ల దొరకును. ఇది కొమ్ముపురుగు పిల్ల. దీని రూపము భయంకరము, నడత సాధువు. ఇది కుళ్ళిన ఎరువును తిని బ్రతుకును. పెద్దదైన పిదప కొబ్బరిచెట్ల మొవ్వులను తొలుచును గాన, కొబ్బరిచెట్లున్నవారు దీనిని ఏరివేయుట మేలు. ఇంటిలోని పిల్లలకు దీనివలన భయము లేదు.

వెదురుబొంగులనుండి, ద్వారబంధములనుండి గోధుమపిండి వంటి మెత్తని పొడి రాలుచుండుట చూచి చెదలు పట్టినదని కలవరపడుదురు. చెదలు మట్టితో బాటలు కట్టును. మట్టిబాట లేక, గుండుసూది తలయంత రంధ్రములనుండి పొడి మాత్రము రాలుచున్నచో లోపల నున్నది కట్టెను తిను పెంకుపురుగు పిల్ల. కట్టెకు నష్టమే గాని మనుష్యునకు లేదు. కోళ్ళఫారముల చెంత నివసించువారికి, కోళ్ళయెరువు పొలమునకు తోలించుకొనువారికి మరియొకటి ఎదురగును; లక్కపురుగు పిల్లవలె నుండి దానికంటె పెద్దదై, సెంటీమీటరు పొడవున గోధుమ వన్నెతో పరుగెత్తును. ఇది కరవదు. అయినను కోళ్ళ రోగములను మోసికొని తిరుగగలదు గనుక పెరటికోళ్ళు గలవారు ఆ యెరువును ఇంటికి దూరముగ నుంచవలయును.

చివరగ ఒక మిత్రుని గూర్చి చెప్పవలయును. చిక్కుడుపాదు, బెండమొక్క వాకిట నున్న యిండ్లలో, మొసలిపిల్ల వంటి ఆకారముతో, నల్లని దేహముపై నారింజ మచ్చలతో నొక పురుగు కిటికీపై ప్రాకును. చూచినవారెల్లరు దీనిని విషపురుగని నలిపివేయుదురు. ఇది అక్షింతల పురుగు పిల్ల. తల్లిని పిల్లలు అరచేత నెక్కించుకొని ఆడుదురు. పిల్లను మాత్రము చెప్పుతో కొట్టుదురు. ఈ పిల్ల పేనుబంకను తిని మన కూరపాదులను కాపాడును. 1888లో కాలిఫోర్నియా నారింజతోటలను పిండిపురుగు నాశనము చేయుచుండగా, ఆస్ట్రేలియా నుండి ఒక జాతి అక్షింతల పురుగులను తెప్పించి విడిచిరి. స్వల్పకాలముననే తోటలు బ్రతికెను. ఆకుపై నెత్తి మరల పాదుపై విడుచుట దానికి మనము చేయదగిన మర్యాద.

రూపమును చూచి పొరబడుటకు మన వాఙ్మయములోనే ఒక ఉదాహరణ గలదు. భ్రమరకీట న్యాయమును మీరందరు నెరుగుదురు. తుమ్మెద పురుగును తెచ్చి మట్టిగూటిలో నుంచి ఝంకారము చేయగా, ఆ ధ్యానముచే పురుగే తుమ్మెద యగునని చెప్పుదురు. ధ్యానమహిమను చెప్పుటకు ఆ దృష్టాంతము మనోహరమైనదే. గూటిలో జరుగునది వేరు. గూడు కట్టు కందిరీగ ఆకుపురుగును కుట్టి కదలకుండజేసి, దానితో గూడ తన గ్రుడ్డును గూటిలో నుంచును. గ్రుడ్డు నుండి పుట్టిన కందిరీగ పిల్ల ఆ పురుగును తిని పెరిగి బయటకు వచ్చును. గూడు విప్పి చూచినవానికి ఇది తెలియును. చూడక నమ్మిన పురుగు తుమ్మెద యైనట్లే, చూడక భయపడిన బియ్యపుపురుగు విషపురుగగును.

కోదాడ సమీపమున నొక గ్రామమునకు నేను పోయినపుడు ఒక పెద్దమనిషి సున్నపుకాయలో నాలుగు పిల్లపురుగులను తెచ్చి, “అయ్యా, ఇవి నిద్రలో చెవిని దూరి మెదడు తొలుచునట. మనుమరాలు భయముతో నిద్రపోదు” అని చెప్పెను. అద్దము క్రింద చూడగా తోక చివర రెండు ముండ్లు కనబడెను. అవి లక్కపురుగు పిల్లలు. ఆ ముదుసలికి అద్దము చేతికిచ్చి ఆయన చేతనే చూపించితిని. మెదడు తొలుచు పురుగు ఇంటిలో లేదు. ఎగురు చిన్న పెంకుపురుగు ఏదైన నిద్రించువాని చెవిలో దారితప్పి దూరుట మాత్రము సంభవింపవచ్చును. అప్పుడు పుల్లతో కెలుకవలదు. చెవి కారుటగాని, కర్ణభేరికి రంధ్రముగాని లేనివారికి గోరువెచ్చని నూనె రెండు చుక్కలు వేసి వైద్యుని కడకు కొనిపోవలయును.

జాగ్రత్త పడవలసినవియు కొన్ని గలవు. వానిని దాచుట నా యుద్దేశము గాదు. వానకాలమున వరిపొలముల నుండి దీపమునకు వచ్చు, నారింజయు నలుపును పట్టెలు గల సన్నని పొడవైన పెద్దపురుగు ఒకటి కలదు. అది చీమను పోలియుండును. అది కరవదు గాని, మెడపై నలిపినచో దాని రసము చర్మమును కాల్చినట్లు బొబ్బలెక్కించును. దానిని ఊదివేయవలయును, రసమంటిన సబ్బునీటితో కడుగవలయును. మునగచెట్టు గొంగళిపురుగు రోమములు మిక్కిలి దురద పెట్టును. నీళ్ళతొట్టిలో మెలికలు తిరుగు పిల్లలు దోమపిల్లలు. ఇంటిలోని పిల్లపురుగులన్నింటిలో నిజముగ ప్రాణభయము కలిగించునవి అవియే. బియ్యపుపురుగునకై మందు కొను గృహస్థు నీళ్ళతొట్టిని వారమున కొకసారి బోర్లించిన, డెంగీ జ్వరము నుండి తన పిల్లలను కాపాడుకొన్నవాడగును.

ఇప్పుడు మందు సంగతి. గోదాములలో పురుగును చంపుటకు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు వాడుదురు. గాలిలోని తేమ తగులగనే బిళ్ళ నుండి ఫాస్ఫీను అను విషవాయువు లేచును. 3 గ్రాముల బిళ్ళయొకటి ఇంచుమించు 1 గ్రాము వాయువు నిచ్చును. గోదాములో సంచులపై గాలి చొరని పట్టాలు కప్పి, అంచులు బిగించి, మనుష్యులను దూరముగ నుంచి, దినముల తరబడి మూసియుంచి, శిక్షణ పొందినవారు ఈ పని చేయుదురు. ప్రభుత్వ నిబంధనల ప్రకారము దీనిని వాడుటకు ప్రభుత్వ సంస్థలకును, అనుమతి గల పురుగు నివారణ పనివారికిని మాత్రమే హక్కు గలదు. అట్టి బిళ్ళను చాటుగ తెచ్చి, గుడ్డలో మూటగట్టి, బియ్యపు డ్రమ్ములో వేసి, ఆ గదిలోనే పిల్లలను పరుండబెట్టు గృహస్థులు మన గ్రామములలో నున్నారు. ఆ వాయువు తలుపు సందులగుండ ప్రక్కగదికి వ్యాపించును. దానికి విరుగుడు మందు నేటివరకు లేదు. మొదట ప్రాణము పోవునది పసిపిల్లలకు. నాలుగు మిల్లీమీటర్ల సాధుజీవికి బదులు మృత్యుదేవతను ఇంటికి పిలిచినట్లే గదా!

ఇంటిలో వెల్లుల్లి వాసనగాని, కుళ్ళిన చేప వాసనగాని తోచి, వాంతియు, తలనొప్పియు, రొమ్ముపట్టుటయు ఒకరికంటె ఎక్కువమందికి కలిగినచో ఆలస్యము చేయక అందరు నారుబయటకు వచ్చి 108కి కబురు చేయవలయును. బిళ్ళపై నీళ్ళు పోయరాదు. పోసిన వాయువు మరింత లేచును. పూర్వము గమాక్సిను పొడిని గాదెలలో చల్లుట కొందరికి జ్ఞాపకముండును. బి.హెచ్.సి. అను ఆ మందు 1997లో మన దేశమున నిషేధింపబడినది. పత్తికిని వరికిని కొట్టగా మిగిలిన మందును ఇంటి మూలలలో చల్లుటయు తగదు. పొలమున గాలి, ఎండ, వాన ఆ మందును పలుచన చేయును. గదిలో అది నెలల తరబడి నిలుచును.

అట్లయిన ఏమి చేయవలయును? చేట, జల్లెడ, ఎండ, ఆముదము. మన అమ్మమ్మల ఆయుధములు నేటికిని పదునైనవే. వడ్లను గుమ్మికెత్తకమునుపు పంటికింద కటుక్కుమనునంతగ నెండింపవలయును; నూటికి 13, 14 పాళ్ళకు మించిన తేమ యున్నచో పురుగునకు విందు. బియ్యమును మండుటెండలో పోసిన గింజ పగులును గాన, నీడపట్టున గాలికి ఆరబోసి, చెరిగి, నూక తీసివేయవలయును. చెరిగిన నూకను, చెత్తను డబ్బా ప్రక్కనే యుంచక దూరముగ పారవేయవలయును. లేకున్న పురుగు మరునాటికే తిరిగివచ్చును. పాత బియ్యముపై క్రొత్త బియ్యము పోయరాదు. డబ్బాను ఖాళీచేసి, కడిగి, బాగుగ నెండించి, మూత బిగువుగ నున్నదో లేదో చూచి నింపవలయును. గోనెసంచులను మరుగు నీటిలో ముంచి ఎండవేసిన కుట్లలోని గ్రుడ్లు నశించును. సంచులను గోడకు ఆనించక, నేలపై కట్టెలు పరచి వానిపై నుంచవలయును. రవ్వను తెచ్చిననాడే దోరగ వేయించుట వంటింటి రుచికొరకే గాదు; 60 డిగ్రీల వేడికి గ్రుడ్డును పిల్లయు కొలది నిమిషములలో నశించును.

కందులు, పెసలు కిలోకు ఒక చిన్నచెంచాడు, అనగా 5 మిల్లీలీటర్ల ఆముదముగాని, వేరుసెనగ నూనెగాని పట్టించిన పుచ్చుపురుగు గ్రుడ్డు పొదుగజాలదు. నల్లగొండ సీమలో ఆముదము పండినన్నినాళ్ళు మనవారు ఈ పని చేసినవారే. వేపాకు, వావిలాకు బాగుగ నెండినవి వేసిన పురుగు చేరుటకు కొంత జంకును. పచ్చియాకు వేసిన దాని తేమయే పురుగును పెంచును. అన్నింటికంటె మంచి యుపాయము నిలువను తగ్గించుట. మూడు నెలల బియ్యమున్నచో ఒక నెలకు చాలినది వంటింట నుంచి, తక్కినది గాలి చొరని పాత్రలో వేరుగ కట్టివేయుట మేలు.

ఇంతచేసినను గుర్తు తెలియని పురుగు కనబడినచో ఖాళీ అగ్గిపెట్టెలో నాలుగింటిని వేసి, దొరికిన చోటును, తేదీని వ్రాసి, మీ గ్రామ వ్యవసాయ విస్తరణాధికారికి చూపుడు. సూర్యాపేట, కోదాడ వైపు వారికి గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రము సమీపమున నున్నది. మిర్యాలగూడ వైపు వారికి కంపాసాగరు వ్యవసాయ పరిశోధన స్థానము గలదు. పురుగు పేరు అడుగుటకు వెలయిచ్చుకొన నక్కరలేదు. గోదాముల నుండి పురుగులు గుంపులుగ వచ్చుచున్న గ్రామములవారు ఒక్కొక్క యింట మందు చల్లుకొనుటవలన లాభము లేదు. పుట్టినచోట అణపవలయును గాన పెద్దలు కలిసి గోదామువారిని, పంచాయతిని వ్రాతమూలకముగ కోరవలయును.

పెద్దలారా, గ్రామమున నొక యింట పురుగు పడెనన్న వార్త మొదట మీ అరుగుల మీదకే వచ్చును. అప్పుడు మీరు చెప్పు మాట ఆ యింటి దారిని నిర్ణయించును. “మందు తెమ్ము” అన్నచో యజమాని అంగడికి పోవును. “పళ్ళెము తెమ్ము, చూతము” అన్నచో భయము సగము తీరును. కోడలిపై నింద తొలగును. పసిపిల్లలు పరుండు గదిలోనికి విషము రాకుండును. కాళ్ళు లెక్కించుటకు చదువు అక్కరలేదు, ఓపిక కావలయును. ఆ యోపిక మీ వయస్సున పుష్కలముగ నుండును. మీ గ్రామముల పిల్లలకు అద్దమిచ్చి ఈ విద్యను నేర్పుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.